కాల్‌లో ఉన్నారు

మొన్న శనివారం మా వీధి చివరింట్లో, తలా ఒక వంటకం పట్టుకెళ్లే పాట్‌లక్‌కి మా ఆయనా నేనూ వెళ్లాం. దద్దోజనం గిన్నె పట్టుకుని నేను లోపల అడుగు పెట్టానో లేదో, ఆ ఇంటి ఇల్లాలు, మా అమ్మాయి ఈడు పిల్లే, "రండి ఆంటీ, తను కాల్‌లో ఉన్నాడు, టెన్ మినిట్స్‌లో వచ్చేస్తాడు" అంది. మామూలు మాటే. అమెరికాలో, ఈ ఫ్రిస్కోలో శనాదివారాలు కూడా జనం కాల్‌లోనే ఉంటారు. అయినా నా చూపు గబుక్కున మేడమెట్ల మీదికి పోయింది. ఆ మాట నేను ఎన్నిసార్లు వాడానో, ఏం దాచడానికి వాడానో నాకు తెలుసు కదా.

మా ఆయన ఒకప్పుడు పెద్ద మాటకారి. ఉగాది కార్యక్రమానికి మైకు ఎవరికివ్వాలని ఇక్కడెవరూ ఆలోచించేవారు కాదు. పెరుగు తెమ్మని కొట్టుకి పంపితే, బిల్లు దగ్గర లైన్లో నలుగురిని పరిచయం చేసుకుని, పెరుగు మరిచిపోయి వచ్చేవారు. నేను సణుగుతూనే లోలోపల మురిసిపోయేదాన్ని. ఫలానావారి భార్యనని చెప్పుకోవడం నాకెంత ఇష్టమో! ఆ ఇష్టమే తరవాత కొంప ముంచింది.

ఆరేళ్ల కిందట స్ట్రోక్ వచ్చింది. చెయ్యీ కాలూ రెండు నెలల్లో దారికొచ్చాయి గానీ మాట రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమవుతుంది, తను ఏం చెప్పాలో కూడా తెలుసు, ఆ పదమే నోటికి అందదు. చెంచా అడగబోయి తాళాలు అంటారు. సొంత కూతురి పేరు కోసం కళ్లు మూసుకుని వెతుక్కుంటారు. స్పీచ్ థెరపిస్ట్ మొదటిరోజే నన్ను కూర్చోబెట్టి, ఆయన మాట కోసం తడుముకుంటుంటే వెంటనే అందించకండి, మనసులో పదిదాకా లెక్కపెట్టండి, అప్పటికీ రాకపోతే సాయం చేయండి అని చెప్పింది. బుద్ధిగా తలూపి వచ్చాను. ఇంటికొచ్చాక మూడు దాటి ఏనాడూ లెక్కపెట్టలేదు. కాఫీ కావాలా, టీవీ పెట్టనా, చలేస్తోందా అని ప్రశ్నా నేనే వేసి జవాబూ నేనే చెప్పేసేదాన్ని.

ఆ తరవాత మొదటిసారి నలుగురూ మా ఇంటికొచ్చినప్పుడు, ఒకావిడను కూర్చోమనబోయి "కడగండి, కడగండి" అన్నారు. పాపం ఆవిడ నిజంగానే సింకు దగ్గరికెళ్లి చేతులు కడుక్కుంది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ ఒక్కసారిగా పప్పు చాలా బాగుందనడం మొదలుపెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు నిజం చెప్పేస్తాను. ఆయన బాధపడతారని కాదు, ఆ నలుగురిలో ఆయన పక్కన నిలబడడానికి నాకు నామోషీ వేసింది.

అప్పటినుంచి ఎవరొచ్చినా "కాల్‌లో ఉన్నారు" అనేదాన్ని. మనవాళ్లలో ఆ మాటకు ఎదురుప్రశ్న ఉండదు. అప్పటికే ఆయన ఉద్యోగం పోయింది, ఆ సంగతీ ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగమే లేని మనిషిని పదకొండు నెలలు మీటింగుల్లో కూర్చోబెట్టాను! కింద మేం కబుర్లాడుకుంటుంటే ఆయన పైగదిలో తలుపేసుకుని కూర్చునేవారు. గారెలూ పులిహోరా ప్లేటులో పెట్టి పైకి తీసుకెళ్లేదాన్ని, మళ్లీ అదో పెద్ద సేవ చేస్తున్నట్టు. లోపలినుంచి గొణుగుడు వినిపించేది. థెరపిస్ట్ ఇచ్చిన హోంవర్క్ చేసుకుంటున్నారులే అనుకునేదాన్ని. ఏమిటా హోంవర్క్ అని ఒక్కనాడూ అడగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇంటినిండా జనం ఉండగా, అరిజోనాలోని చాండ్లర్ నుంచి ఆయన స్నేహితుడు చెప్పాపెట్టకుండా దిగాడు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఇద్దరూ ఒకే గదిలో ఉండి, ఒకే కుక్కర్లో వండుకు తిన్నవాళ్లు.

"వాడేడి వదినా? ఫోన్ ఎత్తడు. మెసేజ్ పెడితే థంబ్స్ అప్ కొట్టి ఊరుకుంటాడు" అన్నాడు. ఆ థంబ్స్ అప్‌లు కొట్టేది నేనే.

"కాల్‌లో ఉన్నారన్నయ్యా."

"సండే కూడా కాల్ ఏంటి వదినా?"

"ప్రొడక్షన్ ఇష్యూ అట, ఆఫీసులో సిస్టమ్ ఆగిపోయిందట" అన్నాను, రెప్పయినా వెయ్యకుండా.

మెట్ల మీద చప్పుడయింది. మా ఆయన రెయిలింగ్ పట్టుకుని సగం దిగి నిలబడ్డారు. "నేను..." అని ఆగిపోయారు. నేను గరిటెతో సహా పరుగెత్తాను. "కాల్ అయిపోయిందా? ఆకలేస్తోందా?" ఆయన చెయ్యెత్తి నన్ను ఆపారు. పాతికేళ్ల కాపురంలో అలా ఆపడం అదే మొదలు.

"నేను... కాల్‌లో... లేను." నుదుటి మీద చెమటలు పట్టాయి. "ఇక్కడే... ఉన్నా."

స్నేహితుడు గబగబా మెట్లెక్కి ఆయన పక్కనే చతికిలబడ్డాడు. "చెప్పరా. నిదానంగా చెప్పు. నా ఫ్లైట్ రేపు కదా" అన్నాడు. నేను వంటింట్లోకెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. అందరూ వెళ్లాక ఆయన హోంవర్క్ నోట్‌బుక్ తీసి చూశాను. ఇంట్లో ఎక్కువ అవసరమయ్యే మాట ఏదైనా ఎంచుకుని సాధన చేయమందట థెరపిస్ట్. పేజీల నిండా వంకరటింకర అక్షరాలతో, మెట్ల మీద అన్న ఆ రెండు ముక్కలే ఉన్నాయి.

మొన్న పాట్‌లక్‌లో ఆ అమ్మాయి "అంకుల్, ఏం తాగుతారు?" అని అడిగింది. మజ్జిగ అని నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి లెక్కపెట్టాను. ఏడు దగ్గర ఆయన "నీళ్లు" అన్నారు. పది లెక్కపెట్టడానికి పది క్షణాలు చాలు. ఆ కాస్తసేపు ఆగడం నేర్చుకోవడానికి నాకు పదకొండు నెలలు పట్టింది, ఆ పదకొండు నెలలూ ఆయన పైగదిలో గడిపారు.