కొరియా చూడని గైడు

సియోల్‌లో పాత రాజభవనానికి ఏ వాకిలి గుండా వెళ్ళాలి, గ్యోంగ్జులో రాజుల సమాధులు పచ్చగడ్డి దిబ్బల్లా ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ కొండమీది బౌద్ధాలయంలో ఎనభై వేల పైచిలుకు అచ్చు చెక్కలు దాచారు? ప్రేమానందాన్ని అడగండి, కళ్ళు మూసుకుని చెబుతాడు. కళ్ళు మూసుకునే చెప్పాలి మరి, ఏం చేస్తాడు! ఆ మహానుభావుడు కొరియాలో ఒక్కనాడూ కాలు పెట్టలేదు.

ఆయనది రేపల్లె పక్కన పల్లె. మిషన్ హైస్కూల్లో పదహారేళ్ళు చరిత్ర చెప్పాడు. భార్య నవోమి నర్సు. ఆమెకు న్యూజెర్సీలో ఉద్యోగం దొరికితే, డెబ్బై ఎనిమిదిలో ఆమె వెంట ఈయనా వచ్చాడు. ఇక్కడ ఈయన బి.ఎడ్.ని పట్టించుకున్న నాథుడు లేడు. కొన్నాళ్ళు గోడౌన్లో పెట్టెలు సర్ది, కొన్నాళ్ళు మోటెల్లో తాళాలిచ్చి, ఎనభై రెండులో ఐసెలిన్ అనే ఊళ్ళో ఒక చిన్న ట్రావెల్ ఏజెన్సీలో గుమాస్తాగా కుదురుకున్నాడు. మరుసటేడు నవోమి పోయింది. పిల్లల్లేరు. అప్పట్నుంచి ఆయన ఇంటికి వెళ్ళడమంటే నిద్రపోవడానికి వెళ్ళడమే.

ఏజెన్సీ యజమాని హాన్ అనే కొరియా పెద్దమనిషి. చేరిన మొదటి వారమే ఒక కరపత్రం చేతిలో పెట్టి, ఇంగ్లీషు సరిచేయమన్నాడు. మనవాడు ఇంగ్లీషు సరిచేసి ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. అందులో రాజుల తేదీలు ఒకదానికొకటి పొసగలేదు. చరిత్ర మాస్టారికి అది పంటికింద రాయి! లైబ్రరీకి పోయి పుస్తకాలు తెచ్చాడు. ఒకటి చదివితే ఇంకొకటి. నవోమి పోయాక రాత్రిళ్ళు నిద్రపట్టని మనిషికి పాత కొరియాలోని మూడు రాజ్యాల కొట్లాటలు తోడయ్యాయి. చివరికి పన్నెండు పేజీల పుస్తకం టైపు కొట్టాడు. సుమారు వెయ్యేళ్ళ సిల్లా రాజ్యం, ఐదొందలేళ్ళ జోసన్ రాజ్యం, ముప్ఫై ఐదేళ్ళ జపాన్ పెత్తనం, మూడేళ్ళ యుద్ధం, ఇన్నిటి తర్వాత కూడా నిలబడి ఉన్నవేమిటో, వాటిని ఏ వరుసలో చూడాలో, ఎక్కడ చెప్పులు విప్పాలో, అన్నీ రాశాడు. హాన్ చదివి, "మా నాన్న చెప్పినట్టుంది" అన్నాడు. ఆ రోజు ప్రేమానందం పొంగిపోయాడు.

ఇద్దరూ భలే జత. హాన్ కాఫీ ఇస్తానంటే ఈయన వద్దనేవాడు. మళ్ళీ అడిగితే "ఎందుకండీ శ్రమ" అనేవాడు. మూడోసారి అడిగితే "ఇంక మీరంతగా అంటుంటే" అని పుచ్చుకునేవాడు. ఆరేళ్ళు, రోజుకు రెండుసార్లు, ఇదే తంతు. హాన్ ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆయన ఊళ్ళోనూ మర్యాద అంటే అదేనట.

తెలుగు చర్చిలోనూ అంతే. ఆదివారం ఆరాధనయ్యాక విమలకుమారి గారింట్లో భోజనం. "ఇంకొంచెం కూర వేసుకోండన్నయ్యా" అంటే ఈయన ప్లేటు మీద చెయ్యి అడ్డం పెడతాడు. ఆవిడ ఆ చేతిని పక్కకు నెట్టి వడ్డిస్తుంది. వద్దన్నవాడికి రెండు గరిటెలు ఎక్కువ పడటం మన ఆనవాయితీ కదా! నవోమి మాత్రం బతికున్నప్పుడు కోప్పడేది. "అడగందే అమ్మైనా పెట్టదయ్యా. మీకేం కావాలో మీ నోటితో చెప్పండి" అనేది. నోట్లో నాలుక లేని మనిషికి ఎంత చెప్పినా ఏం లాభం!

కొరియాకు పంపేముందు జనాన్ని కూర్చోబెట్టి స్లైడ్లు చూపించేది ఈయనే. చివర్న ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు: "మీరు ఎన్నిసార్లు వెళ్ళారు?" ఈయన గబుక్కున తర్వాతి స్లైడు నొక్కేవాడు. తప్పు చేసిన పిల్లాడిలా చెవులు వేడెక్కేవి. ఒక్కసారి చూడాలి, ఒక్కటంటే ఒక్కసారి, అదే ఆయన కోరిక. ఇంకేమీ మిగల్లేదు ఆయనకు కోరుకోవడానికి. సొంతంగా టికెట్టు కొనుక్కుని పోవచ్చుగా అంటారేమో. ఎవరూ రమ్మనకుండా, పని లేకుండా, ఒక్కడే అంత దూరం ఎలా పోతాడు? అంత ధైర్యం ఆయనకెక్కడిది!

ఎనభై ఎనిమిదిలో సియోల్‌లో ఒలింపిక్స్. ఏజెన్సీలో ఫోన్లు మోగిపోతున్నాయి. ఆటలు చూశాక పాత నగరాలన్నీ తిరిగే టూర్ ఒకటి వేశాడు హాన్. పదిహేను మంది చేరితే పదహారో సీటు టూర్ లీడర్‌కి ఉచితం, అది ఆ వ్యాపారంలో రివాజు. "లీడర్‌వి నువ్వే ప్రేమ్" అన్నాడు హాన్ మార్చిలో. మనవాడు యథాప్రకారం వద్దన్నాడు. హాన్ నవ్వి ఊరుకున్నాడు. ఆయనకు తెలుసు, ఇంకా రెండుసార్లు అడగాలని.

మే నెలలో హాన్‌కి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. కాలిఫోర్నియాలో కొడుకు దగ్గరికి తీసుకెళ్ళారు. ఏజెన్సీ చూసుకోవడానికి కూతురు గ్రేస్ వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ముప్ఫై ఏళ్ళుంటాయి. చురుకైనది, మంచిది, ఎవరినీ నొప్పించే, బలవంతపెట్టే రకం కాదు. అదే చిక్కైంది.

జూలైలో పదిహేనో పేరు చేరింది. అందరూ రిటైరైన స్కూలు టీచర్లు. గ్రేస్ ఫైలు పట్టుకుని ఈయన బల్ల దగ్గరికొచ్చింది.

"మిస్టర్ ప్రేమ్, లీడర్‌గా మీరు వెళ్తారా?"

ఆ మాట కోసం ఆరేళ్ళు కాచుకున్న మనిషి ఏమన్నాడో తెలుసా? "అబ్బే, నాకెందుకండీ. ఎవరైనా చిన్నవాళ్ళని పంపండి."

"ఓకే. అయితే నేనే వెళ్తాను. థాంక్స్!" అంది గ్రేస్. అక్కడికక్కడే జాబితాలో తన పేరు రాసేసి, ఫైలు మూసి వెళ్ళిపోయింది.

అయ్యో ప్రేమానందం! ఆయన అలాగే కూర్చున్నాడు, ఇంకోసారి అడుగుతుందని. ఆ రోజంతా చూశాడు. ఆ వారమంతా చూశాడు. ఎయిర్‌లైన్స్ నుంచి టికెట్లు వచ్చిన రోజు కూడా కవరు విప్పి, ఏమో, మనసు మార్చుకుందేమో అని పేర్లు చదివాడు. మింగలేక కక్కలేక, ఆమె కోసం తన పన్నెండు పేజీలకు తోడు ఇంకో ఎనిమిది పేజీల నోట్సు రాసిచ్చాడు. ఎయిర్‌పోర్టుకు వెళ్ళి అందరి సూట్‌కేసులకూ ట్యాగులు కట్టి, చెయ్యూపి వచ్చాడు. తిరుగుదారిలో హైవే పక్కన కారాపుకుని ఏడ్చాడు. యాభై నాలుగేళ్ళ మనిషి.

ఆ రెండు వారాలూ ఆఫీసులో ఆయన ఒక్కడే. ఇంటికెళ్ళినా ఒక్కడే కాబట్టి, సాయంత్రాలు కూడా బల్ల దగ్గరే కూర్చునేవాడు. ఈపాటికి రాజభవనం అయిపోయుంటుంది, ఈపాటికి బస్సెక్కి ఉంటారు అని గోడ మీది పటంలో వేలితో వెతుక్కునేవాడు. ఒకరోజు సాయంత్రం ఆరున్నరకు ఫోను మోగింది. గ్యోంగ్జు నుంచి, ఖర్చు ఇటువైపే పడే కలెక్ట్ కాల్. అక్కడప్పుడు తెల్లవారి ఏడున్నర.

"మిస్టర్ ప్రేమ్! ఇక్కడి గైడుకి కడుపునొప్పి, హోటల్లో పడుకుంది" గ్రేస్ గొంతు కంగారుగా ఉంది. "బుల్గుక్సా ఆలయం గేటు దగ్గరున్నాం. మీ నోట్సు పెట్టెలో ఉండిపోయింది. వీళ్ళకేం చెప్పాలో నాకు తెలీదు!"

ప్రేమానందం లేచి నిలబడ్డాడు. క్లాసులో నిలబడ్డట్టే.

"రాసుకోండి. లోపలికి వెళ్ళగానే ఎదురుగా రాతి మెట్లు కనిపిస్తాయి. ముప్ఫై మూడు. ఎక్కనివ్వరు, పక్కనుంచి చుట్టి వెళ్ళాలి. కానీ ముందు కింద నిలబెట్టి ఆ మెట్లు చూపించండి, తొందరపడొద్దు. పైన ఆలయం ముంగిట రెండు గోపురాలు. ఒకటి నగలు పెట్టుకున్న పెళ్ళికూతురులా ఉంటుంది. రెండోది సాదాగా ఉంటుంది. కథ ఉన్నది ఆ రెండోదానికే."

"ఏం కథ?"

"దాన్ని చెక్కిన శిల్పి భార్య ఎంతో దూరం నుంచి మొగుణ్ణి చూడటానికొచ్చింది. పని పూర్తయ్యేదాకా లోపలికి రానిచ్చేది లేదన్నారు. అదిగో ఆ చెరువు, గోపురం పూర్తయిన రోజు దాని నీడ ఆ నీళ్ళలో పడుతుంది, అప్పుడు రా అన్నారు. ఆ పిచ్చితల్లి గట్టున కూర్చుని రోజూ నీళ్ళనే చూసింది. నీడ పడలేదు. చివరికి ఆ నీళ్ళలోనే దూకింది. నీడ లేని గోపురం అంటారు దాన్ని."

అవతల పెన్ను ఆగింది. "ఎంత బాగా చెప్పారు! మీరిక్కడికొచ్చి ఎన్నాళ్ళయింది?"

ఈసారి నొక్కడానికి స్లైడు లేదు. "నేనెప్పుడూ రాలేదండీ" అన్నాడు. "రావాలని చాలా ఉండేది."

"మరి... నేనడిగితే వద్దన్నారు కదా!"

"ఒక్కసారే కదండీ అడిగారు."

"మళ్ళీ అడగాలని నాకు తెలీదు, మిస్టర్ ప్రేమ్" అంది గ్రేస్. గొంతు చిన్నబోయింది.

"మీ తప్పేం లేదు. చెప్పాల్సింది నేను. వెళ్ళండి, పాపం వాళ్ళు నిలబడి ఉన్నారు."

ఫోను పెట్టేశాక ఆయన లైట్లు ఆర్పడానికి లేవలేదు. సొరుగులోంచి ఒక బుకింగ్ ఫారం తీసి టైప్‌రైటర్‌కి ఎక్కించాడు. వచ్చే ఏప్రిల్‌లో పోయే టూర్‌కి, లీడర్‌గా కాదు, ప్రయాణికుడిగా. పేరు కొట్టాడు, అడ్రసు కొట్టాడు. ఇలాంటి ఫారాలు ఎందరెందరికో నింపిన చేతులు, చకచకా సాగిపోయాయి. ఒకచోట మాత్రం ఆగాయి. గదిలో మీతో ఉండేది ఎవరు, అని అడుగుతోంది ఫారం.

కాసేపు దాని వంక చూసి, "ఎవరూ లేరు" అని కొట్టాడు.