వరదగీత పైన మిల్లింగ్ మెషీన్

నా చిన్నప్పుడు భద్రాచలంలో మా ఇంటి వెనక ఒక గొడ్లపాక ఉండేది. అందులో గొడ్లు లేవు, మా పెదనాన్న ఉండేవాడు. బొగ్గు గనుల వర్క్‌షాపులో పనిచేసి రిటైరై వచ్చిన మనిషి, ఇక అరుగు మీద కూర్చుని కాలక్షేపం చేస్తాడనుకున్నాం. అబ్బే! వచ్చీ రాగానే పాకకు రేకులు కప్పించి, బల్ల వేసి, దాని మీద ఇనుప ముక్కల్ని పట్టి ఉంచే వైసు బిగించి, పక్కన గ్రైండరూ డ్రిల్లింగు మెషీనూ పెట్టి, వర్క్‌షాపు అని పేరు పెట్టుకున్నాడు. మా పెద్దమ్మ చింతపండు జాడీ పక్కకు గ్రీజు డబ్బా చేరింది. ఆమె పచ్చళ్ల గరిటె ఏమైందో నాకు తెలుసు గానీ, పోయినవాళ్ల మీద చాడీలు చెప్పకూడదు.

ఇన్ని ఉన్నా ఆయనకు మనసు నిండలేదు. మిల్లింగ్ మెషీన్ లేని వర్క్‌షాపు ఉప్పు లేని పప్పు అనేవాడు. ఇనుప ముక్కను కదలకుండా బిగించి, తిరిగే పళ్ల కట్టరు కిందికి కొద్దికొద్దిగా జరుపుతూ గాడి కోసే యంత్రం అది. చివరికి పాత సామాన్ల వేలంలో ఒకటి దొరికింది. అది లారీలోంచి దిగిన ఆదివారం, మా చర్చిలో పాస్టరు గారి ప్రసంగానికి వెళ్లినవాళ్ల కంటే మా పాకకు వచ్చినవాళ్లే ఎక్కువ. పెద్దమ్మ మాత్రం గడప దాటలేదు. దానికి ‘ఇనుప సవతి’ అని అక్కడి నుంచే పేరు పెట్టేసింది.

భద్రాచలంలో ఏ వస్తువు కొన్నా ముందు గోడ వైపు చూస్తారు. గోదావరి పోయినసారి ఎంతదాకా వచ్చిందో ఇంటి గోడ మీద మరక చెబుతుంది. బియ్యం డ్రమ్ము, పెళ్లి ఫొటోలు, దుప్పట్లు, అన్నీ ఆ గీతకు పైనే ఉండాలి. మా పాకలో ఆ గీత పెదనాన్న ఛాతీ దాకా ఉంది. ఆయన టేపు పెట్టి కొలిచాడు. రైలు పట్టాల కింద వేసే పాత దుంగలు తెప్పించి, ఒక వరుస నిలువు, ఒక వరుస అడ్డం పేర్చుకుంటూ గీత దాటేదాకా ఆగలేదు. ముక్కాలి స్టాండుకు చైన్ పుల్లీ కట్టి, వీధిలోని మగవాళ్లందరితో గొలుసు లాగించి, మెషీన్‌ను ఆ దుంగల మీద కూర్చోబెట్టాడు. మట్టం చూసే స్పిరిట్ లెవెల్‌లో బుడగ నడిమధ్యకు వచ్చేదాకా ఎవరినీ గట్టిగా ఊపిరి తీయనివ్వలేదు. గోదారి తల్లే వచ్చినా దీని కాలు తడవదని మీసం మెలేశాడు.

వరదను కొలిచాడు, మెషీన్‌ను కొలిచాడు, తనను మాత్రం కొలుచుకోలేదు. అసలే పొట్టి మనిషి. చేత్తో తిప్పాల్సిన చక్రాలన్నీ ఆయన నెత్తి మీదికి వెళ్లిపోయాయి. స్టూలెక్కితే చక్రాలు అందేవి గానీ తల రేకులకు ఆనేది. ఎండాకాలంలో మా ఊరి రేకు అంటే పెనమే, ఆయనదేమో బట్టతల. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, మెడ వంకర పెట్టి నిలబడేవాడు. ఎవరైనా “ఏందన్నా, గింత ఎత్తు గట్టినవ్?” అంటే, “పెద్ద ఫ్యాక్టరీలల్ల గిట్లనే ఉంటది” అని గద్దించేవాడు. ఆ మాటతో తన కాళ్లకు తానే బంధం వేసుకున్నాడు.

శ్రీరామనవమి దగ్గర పడింది. పర్ణశాలకు యాత్రికులను తీసుకెళ్లే బోటు నడిపే ఆయన, బోటు ఫ్యానును తిప్పే షాఫ్టు విరిగితే దాని బదులు కొత్తది భుజాన వేసుకుని మా పాకకు వచ్చాడు. దానికి గాడి కోయాలి, లేకపోతే పండక్కి బోటు కదలదు. మెషీన్‌కు బయటి నుంచి వచ్చిన మొదటి పని అదే. అది చెడితే ఊళ్లో మరొకరు మా పాక తొక్కరని పెదనాన్నకు తెలుసు. స్టూలెక్కి కళ్లు మూసుకుని, రాములవారి పండక్కి ఈ బోటు కదిలేలా చూడు ప్రభువా అని ప్రార్థన చేసి స్విచ్చి వేశాడు.

కట్టరు షాఫ్టును తాకిందో లేదో, కాలిన ఇనుప తునక ఒకటి ఎగిరి ఆయన కాలర్లో పడింది. ఆయన ఎగిరాడు. నెత్తి రేకుకు కొట్టుకుని ఢామ్మంది. తువ్వాలు జారి కట్టరుకు చుట్టుకుంది. బోటాయన చప్పున స్విచ్చి ఆపబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఏమయ్యేదో! షాఫ్టుకు గీత కూడా పడలేదు. బోటాయన తల గోక్కుని, “అన్నా, ఏమనుకోకు, నేను ఖమ్మం పోత తియ్” అన్నాడు.

నాలుగు వరుసల దుంగలు తీసేస్తే అంతా సరిపోతుందని అక్కడ నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు, పెదనాన్నకూ తెలుసు. కానీ అంత గొప్పగా చెప్పుకున్నాక ఏ మొహంతో తీస్తాడు? మెషీన్ కొత్త చోటుకు అలవాటు పడాలని ఏదో గొణిగాడు. అది విని నాకు ఏడుపొచ్చింది. ఎప్పుడూ గద్దించే మనిషి అలా గొణగడం నేనెన్నడూ చూడలేదు.

అప్పుడు పెద్దమ్మ చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ గడప దాటి వచ్చింది. “ఏమయ్యా, నీ మెషీను నాకు అందుతలేదు. రేపటి నుంచి తుడిచేది నేనే గదా, పైనంత దుమ్ము పట్టిపోతాంది. జర కిందికి దించరాదు” అంది.

మా పెద్దమ్మ మా పెదనాన్న కంటే తలకాయ ఎత్తు మనిషి. ఎవరింట్లో అటక మీది గంగాళం దించాలన్నా ఆమెనే పిలిచేవారు. ఆ పాకలో మెషీన్ ఎవరికైనా అందుతుందంటే అది ఆమెకే. ఎవరో నవ్వబోయి దగ్గారు. పెదనాన్న బొప్పి కట్టిన నెత్తి తడుముకున్నాడు. “మరి గోదారొస్తే?” అన్నాడు.

“వచ్చిన్నాడు లేపుదాం. పుల్లీ ఏడికి పోతది? నాల్గు దినాల వరదకు ఏడాదంత స్టూలెక్కి బతుకుతమా?”

పెదనాన్న వెంటనే జనం వైపు తిరిగి, పాత గొంతుతో, “ఇన్నరా? ఇంట్ల ఆడోళ్లకు అందదంట. ఏం జేస్తం, దించాలె మరి” అన్నాడు. అందరికంటే ముందు గొలుసు పట్టుకున్నది బోటాయనే. “అవ్ అన్నా, పాపం వదినెకు తిప్పలైతది” అన్నాడు, మొహంలో నవ్వన్నది లేకుండా.

సాయంత్రానికి దుంగలు తగ్గాయి, బుడగ మళ్లీ నడిమధ్యకు వచ్చింది, గాడి నున్నగా తెగింది. నవమికి బోటు పర్ణశాల వెళ్లింది.

అయితే నేను నేర్చుకున్నది ఆ సాయంత్రం కాదు, తెల్లారి. పెద్దమ్మ పొద్దున్నే పాత గుడ్డ, నూనె సీసా పట్టుకుని పాకలోకి వెళ్లి, ఆ ఇనుప సవతిని తిట్టుకుంటూ చక్రం చక్రం తుడిచింది. ఆ మర్నాడూ తుడిచింది. చేతులు ఆడినంత కాలం తుడుస్తూనే ఉంది. తను ఆడిన అబద్ధం ఎవరి కంటా అబద్ధంగా మిగలకూడదని ఆమె పట్టుదల. మొగుడి పరువు కోసం ఒక్క మాట అనడం ఎవరైనా చేస్తారు. ఆ మాటను రోజూ నిజం చేస్తూ బతకడం మా పెద్దమ్మ దగ్గరే చూశాను.

నాది ఆగే నోరు కాదు, తప్పు కనబడితే నాలుక దురద పెడుతుంది. మొన్న మా ఆయన చెప్పుల స్టాండు తలకిందులుగా బిగించి, అదే పద్ధతని వాదనకు దిగాడు. నోటిదాకా వచ్చింది మింగేసి, “వంగుతుంటే నడుం పట్టేస్తోందండీ, కాస్త మార్చి బిగిస్తారా” అన్నాను. పాపం, వెంటనే విప్పి సరిగ్గా బిగించాడు. ఇదిగో, అప్పటి నుంచి నడుం మీద చెయ్యి వేసుకునే నడుస్తున్నాను.