వెనక సీటు బళ్ళారి

కారు కొన్న రోజు నుంచీ దాని సంగతులన్నీ నా డైరీల్లో ఉన్నాయి. ఎండాకాలంలో ఏసీ ఎట్లా వాడాలో ఒక పేజీ నిండా రాసుకున్నాను. ఎండలో నిలిపిన కారు తలుపులన్నీ కాసేపు తెరిచి ఉంచాలి. అద్దాలు దించి వీధి చివరిదాకా నడిపితే లోపలి సెగ బయటికి పోతుంది. ఆ తర్వాతే అద్దాలెత్తి ఏసీ వేయాలి. లోపల చల్లబడ్డాక బయటి గాలి రాకుండా మీట మార్చాలి. ఇవన్నీ తప్పకుండా పాటించాను. ఆ పేజీలో తప్పేమీ లేదు. కాకపోతే, అది డ్రైవరు సీట్లో కూర్చున్నవాడు రాసుకున్న పేజీ.

మా అక్క ఎమ్మిగనూరులో ఉంటుంది. నాకంటే తొమ్మిదేండ్లు పెద్ద. బావ పోయినాక ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు, నన్ను ఒక్కటి తప్ప. "గురువారం గురువారం మంత్రాలయం తీసకపోరా, అంతే సాలు" అన్నది. నేను అప్పుడే రిటైరై ఉన్నాను. ప్రతి గురువారం పొద్దున్నే నేనూ నా భార్యా ఆదోనిలో బయల్దేరి, ఎమ్మిగనూరులో అక్కను ఎక్కించుకొని పోయేవాళ్లం.

అక్కకు మడి పట్టింపు. దర్శనం అయ్యేదాకా ఎవరూ ఆమెను తగలకూడదు, ఆమె మంచినీళ్లు ముట్టదు. అందుకని వెనక సీటంతా ఆమెకే వదిలేవాళ్లం. మడి చెడకుండా సీటు మీద కంబళి పరుచుకునేది. ఉన్నికి మైల అంటదని మా ఇళ్లలో నమ్మకం. మే నెలలో కంబళి మీద కూర్చుంటే ఎట్లా ఉంటుందో నేను ఆలోచించలేదు. ఏసీ ఉంది కదా అనుకున్నాను.

మాది చిన్న కారు. గాలి వచ్చే జాలీలు ముందే ఉన్నాయి, వెనక లేవు. నాలుగింటిలో రెండు నా మొహానికి, రెండు నా భార్య మొహానికి తిరిగి ఉండేవి. ఎమ్మిగనూరు దాటేసరికి నా భార్య "చలిగా ఉందండీ, కొంచెం తగ్గించండి" అనేది. తగ్గించేవాణ్ని. కుడిపక్క కిటికీలోంచి పొద్దు అక్క మీద పడుతుండేది. మంత్రాలయంలో స్టీరింగు కాలకూడదని కారు ముందుభాగం గోడ నీడలోకి పెట్టి నిలిపేవాణ్ని. వెనకభాగం ఎండలోనే ఉండేది.

ఒకసారి అక్క అద్దం దించే మీట నొక్కింది. "దించొద్దక్కా, చల్లదనమంతా పోతుంది" అన్నాను. వెంటనే చెయ్యి తీసేసింది. కాసేపటికి వెనక నుంచి, "ఏమప్పా, మొగుడూ పెండ్లాలు మీరు బదరీ మంచులో ఉండారు. నేను బళ్ళారిలో ఉండాను" అన్నది.

"బళ్ళారి అయితే దగ్గరే కదా వదినా, సాయంత్రానికి తిరిగి రావచ్చు" అంది నా భార్య.

ముగ్గురం నవ్వుకున్నాం. ఇంటికొచ్చి డైరీలో ఆ మాట పూర్తిగా రాశాను. కింద 'అక్క చమత్కారం' అని కూడా రాశాను.

ఆ నెల చివరి గురువారం మఠం ముందర అక్కకు కళ్లు తిరిగాయి. మెట్టు మీద కూలబడింది. నీళ్లు తాగమంటే తల అడ్డంగా ఊపింది. "ఏమీ లేదురా, వయసు" అన్నది. మరుసటి వారం ఆమె ఇంటి ముందర కారు ఆపితే, చేతిలో కంబళి లేకుండా బయటికి వచ్చింది.

"నా పేరు సెప్పి నువ్వే దండం పెట్టుకో రా. నాతో కాదు."

రెండు మూడు వారాలు అడిగి, తర్వాత అడగడం మానేశాను. 'అక్కకు ఓపిక తగ్గింది' అని డైరీలో ఉంది.

రెండేండ్లు గడిచాయి. పోయిన ఎండాకాలం నా కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. తర్వాత అక్కను చూడడానికి బయల్దేరితే మా కారు అల్లుడు నడిపాడు. నా భార్య అతని పక్కన, మొదటిసారి నేను వెనక. ఆదోని దాటకముందే చొక్కా వీపుకు అంటుకుంది. మెడ వెనక అద్దం పొయ్యిలా కాలుతోంది. ముందు ఇద్దరూ హాయిగా మాట్లాడుకుంటున్నారు.

"ఏసీ వేసినావా అప్పా?" అన్నాను.

"ఎప్పుడో వేసినాను మామా." అతను అద్దంలో నా మొహం చూసి మధ్య జాలీలు రెండూ పైకెత్తాడు, ఫ్యాను పెంచాడు. "గాలి కప్పు కిందుగా పోతే వెనక్కి వస్తాది. మీరు మొహానికే పెట్టుకున్నారు. వెనక కూర్చున్నోళ్లు ఎప్పుడూ సెప్పలేదా?"

ఐదు నిమిషాల్లో చల్లగాలి నా నుదుటికి తగిలింది. నా భార్య వెనక్కి తిరిగి నేను కూర్చున్న చోటు చూసింది.

అక్క వసారాలో బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని అడిగాను. "ఉడికిపోయినావు కదక్కా ఆ పొద్దు. ఎందుకు చెప్పలేదు?"

"సెప్పలేదా? బళ్ళారి అంటి కదరా. నువ్వు నగితివి."

"గట్టిగా చెప్పకూడదా?"

"ఆదోని నుంచి వారం వారం నా కోసమే వస్తాంటివి. నీ కారులో కూర్చొని నీకే వంకలు పెడతానా?"

"ఈ గురువారం పోదాం. వెనక కూడా చల్లగా ఉంటుందిప్పుడు."

అక్క చాట కింద పెట్టి మోకాళ్లు చూపించింది. రెండూ వాచి ఉన్నాయి. "కారు దిగినాక నడవాల కదా. ఇంట్లోనే కూర్చుంటి, కాళ్లు పట్టేసినాయి. మొన్నటి ఉగాదికి ఆ మూల గుడిదాకా కూడా పోలేకపోతి."

"చక్రాల కుర్చీ తీసుకుందాం."

"నలుగురూ కూర్చున్న కుర్చీలో మడి యాడుంటాదిరా?" అని నవ్వింది.

ఆమె నడవగలిగిన రెండేండ్లు ఇంట్లోనే గడిచిపోయాయి. ఆ రెండు జాలీలు పైకెత్తి ఉంటే ఆ గురువారాలన్నీ ఆమెవే అయ్యేవి. చాట మళ్లీ ఒడిలోకి తీసుకుంటూ, "గురువారం పోతావు కదా. నా కోసం ఒక ప్రదక్షిణం ఎక్కువ చెయ్యి" అన్నది.

గురువారం పోయాను. నాది ముగించి, ఆమె పేరు చెప్పుకొని ఇంకొకటి తిరిగాను. ఒకరి ప్రదక్షిణం ఇంకొకరు చేస్తే చెల్లుతుందో లేదో నాకు తెలియదు. అక్కడ ఎవరినీ అడగలేకపోయాను.