నిశ్చితార్థం నాడు పిల్లికొచ్చిన కష్టం

సౌదీలోని హుఫూఫ్‌లో ఒక పెద్ద ఇల్లు. పన్నెండు మంది మనుషులు, మూడు పిల్లులు. ఆ ఇంట్లో వంటా శుభ్రమూ చూసుకునేది హలీమా. రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆరేళ్లయింది. కొత్తలో ఆమెకు పిల్లులంటే అస్సలు గిట్టేది కాదు.

"చేతినిండా పని ఉండాది. పిల్లుల ఉచ్చ గూడా నేనే ఎత్తల్లనా?" అని డ్రైవరు మస్తాన్ వలీ దగ్గర విసుక్కునేది. అతనిదీ రాయచోటి పక్కే. ఆమెను అక్కా అని పిలిచేవాడు.

కానీ హలీమా ఏ పని చేసినా గమనిస్తూ చేసే మనిషి. పిల్లులు సోఫాల మీద ఎందుకు పోస్తున్నాయో రెండు వారాల్లో కనిపెట్టేసింది. ఉచ్చకు మూడింటికీ ఒకటే ఇసుక ట్రే, అదీ వాషింగ్ మెషిన్ పక్కన! మెషిన్ అంత మోత చేస్తుంటే ఏ పిల్లి నిమ్మళంగా కూర్చుంటుంది? మేడమ్‌తో చెప్పి నాలుగు ట్రేలు తెప్పించి, జనం తిరగని మూలల్లో పెట్టించింది. సోఫాలు బతికిపోయాయి. అప్పటినుంచి రోజూ పొద్దున ట్రేలలో ఉచ్చకు గడ్డకట్టిన ఇసుక ఉండలు ఎన్ని ఉన్నాయో చూసి మరీ ఎత్తేది.

పోయిన ఏడాది ఆ ఇంటి పెద్దమ్మాయి నిశ్చితార్థం వచ్చింది. సాయంత్రానికి డెబ్భై మంది ఆడవాళ్లు రావాలి. ఆ పొద్దున ట్రేలు ఎత్తుతుంటే ఉండలు తక్కువగా కనిపించాయి. అంతలో నల్లపిల్లి ఫిల్‌ఫిల్ వచ్చి ట్రేలో కూర్చున్నాడు. ముక్కాడు, మూలిగాడు, లేచాడు. కింద ఒక్క చుక్క లేదు. పక్క ట్రేలోకి వెళ్లి మళ్లీ అదే. పొట్ట మీద చెయ్యి పెట్టబోతే కెవ్వుమన్నాడు.

హలీమా ట్రే వదిలేసి లేచింది. టీకాలకు వెళ్లినప్పుడు డాక్టరు చెప్పిన మాట గుర్తుంది: మగపిల్లి ఉచ్చ పోయకపోతే రేపటిదాకా ఆగొద్దు.

మేడమ్ అద్దం ముందు కూర్చుని ఉంది. ఒక కంటికి అలంకారం అయింది, రెండోదానికి కాలేదు.

"మేడమ్, ఫిల్‌ఫిల్‌కి ఉచ్చ రావడం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్లాలి."

"బాదేన్ హలీమా, తర్వాత. మలబద్ధకం అయి ఉంటుంది. రేపు చూద్దాం."

అన్నేళ్లలో ఏనాడూ మేడమ్ మాటకు ఎదురు చెప్పని మనిషి, గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు.

"రేపటికి ఉండడు మేడమ్. రెండు నిమిషాలు వచ్చి మీ కళ్లతో చూడండి. తర్వాత మీరేమన్నా సరే."

మేడమ్ విసురుగానే లేచింది. కానీ ట్రేలో కూర్చుని వణుకుతున్న ఫిల్‌ఫిల్‌ని చూడగానే ఆమె గొంతు మారిపోయింది. "యల్లా, పదండి! మస్తాన్‌ని పిలువు!"

పిల్లిని పట్టడానికి పెనుగులాట కూడా లేకపోయింది. బోనుబుట్టను ఎప్పుడూ గదిలోనే తలుపు తీసి, లోపల మెత్తటి గుడ్డ వేసి ఉంచేది హలీమా. ఫిల్‌ఫిల్‌కి అది పడకే. తనే లోపలికి దూరాడు.

"మస్తానూ, బండి తియ్యబ్బా!"

"యాడికక్కా? నేను కేకు తేవల్ల గదా!"

"కేకు యాడికీ పోదులే. పద, పద!"

దారిలో ఖర్జూరం లారీలు అడ్డం. ప్రతి సిగ్నల్ దగ్గరా హలీమా బుట్టలోకి వంగి "ఓర్చుకో నాయనా, వచ్చేసినాం" అంటూనే ఉంది. మస్తాన్ వలీకి చెమటలు పట్టాయి.

డాక్టరు పొట్ట తడిమి చూసి, ఇంకేం అడగకుండా లోపలికి తీసుకెళ్లాడు. దారి మూసుకుపోయింది, మత్తిచ్చి సన్నని గొట్టం వేయాలన్నాడు. బయట హలీమా కూర్చోలేదు, నిలబడలేదు. ముప్పావుగంటకి డాక్టరు నవ్వుతూ వచ్చాడు.

"వచ్చేసింది. సాయంత్రం దాకా ఆగి ఉంటే కిడ్నీలు పోయేవి. ఎవరు కనిపెట్టారు?"

హలీమా ఫోన్ తీసి మేడమ్ చిన్నకూతురు లమాకి చేసి, అరబీలో గట్టిగా అరిచేసింది: "పోశాడు! ఫిల్‌ఫిల్ ఉచ్చ పోశాడు!"

లమా ఫోన్ స్పీకర్ మీద పెట్టి ఉంది. అప్పటికే వచ్చి కూర్చున్న మేనత్తలూ పిన్నమ్మలూ అందరూ విన్నారు. అంతే, ఎవరో ముసలావిడ నాలుక ఆడిస్తూ సంబరపు కూత తీసింది. ఆ వెంటనే హాలంతా అందుకుంది! పెళ్లికూతురు రాకముందే పిల్లికి దక్కిన ఆ సంబరం విని, ఆసుపత్రి వరండాలో మస్తాన్ వలీ పొట్ట పట్టుకుని నవ్వాడు. హలీమా నవ్వుతూనే ఏడ్చేసింది.

మూడు రోజులకు ఫిల్‌ఫిల్ ఇంటికొచ్చాడు. ఆ రోజే మేడమ్ అందరినీ కూర్చోబెట్టి, పిల్లుల విషయంలో ఇకమీదట హలీమా చెప్పిందే మాట అంది. హలీమా కూడా మొహమాటపడలేదు. నీళ్ల గిన్నెలు ఇంట్లో నాలుగు చోట్ల ఉండాలి, నింపడం లమా పని. పొడి గింజలు తగ్గించి తడి తిండి పెట్టాలి, అది మేడమ్ పెద్దకొడుకు పని. జుట్టు రబ్బర్లు, దారం ముక్కలు పిల్లులు మింగేస్తాయి, నేల మీద కనిపిస్తే ఎవరివైనా సరే చెత్తబుట్టలోకే.

మొన్న రియాద్ నుంచి మేడమ్ చెల్లెలు ఫోన్ చేసి నేరుగా హలీమానే అడిగింది. బిడ్డ పుట్టినప్పటినుంచి వాళ్ల పిల్లి మంచం కింద నుంచి రావడం లేదట.

"లాగొద్దమ్మా. బిడ్డ కప్పుకున్న గుడ్డ ఒకటి దానికి కొంచెం దూరంలో పెట్టండి. తిండీ నీళ్లూ దగ్గరలో ఉంచండి. వాసన అలవాటైతే దానంతట అదే వస్తుంది."

నాలుగో రోజు ఫొటో వచ్చింది. ఉయ్యాల కింద ఒక గోధుమరంగు పిల్లి, ఒళ్లు మరిచి నిద్రపోతోంది. వంటింట్లో బియ్యం కడుగుతున్న హలీమా తడిచేత్తోనే ఫోన్ పట్టుకుని, "మస్తానూ, ఇట్ల రా! చూడబ్బా దీన్ని!" అని కేకేసింది.