శనివారం వెలగని పొయ్యి

ఈ శనివారం పొద్దున్నే, షార్జాలోని రోలాలో మా అబ్బాయి ఫ్లాట్‌లో గ్యాస్ లైటర్ చప్పుడు వినగానే గుంటూరు దగ్గరి మా పాత వంటిల్లు గుర్తొచ్చింది. నా ఈడు వాళ్ళారా, పేడతో అలికిన కట్టెల పొయ్యి గుర్తుందా? మేం యూదులం, శనివారం మా పొయ్యి వెలిగేది కాదు. పనిచేసే నాగమ్మ కూడా అరుగు మీద కాళ్ళు చాపుకుని మాతోపాటు చద్దన్నమే తినేది. "విశ్రాంతి దినం పనిమనిషికి కూడా అని మన ధర్మగ్రంథం తోరా చెప్పింది" అనేవారు నాన్న.

ఇక్కడి పనిమనిషి మరియమ్మకు వారంలో ఒక్కరోజూ సెలవు లేదు. ఆమె చేతిలోంచి లైటర్ లాక్కున్నాను.

"అత్తయ్యా, గెస్టులకు దోసెలు వేయాలి" అంది కోడలు.

"దేవుడే ఒకరోజు పని మానేశాడు. నీ గెస్టులు ఆయన్ని మించినవాళ్ళా?"

మరియమ్మ లైటర్ కోసం చెయ్యి చాపింది. "నా వీసా క్యాన్సిల్ చేసేత్తారండి, అమ్మగారూ."

"నీ వీసాకి పూచీ పడ్డ కఫీల్ మా అబ్బాయేగా. వాడికి కఫీల్‌ని నేను. పోయి పడుకో."

గెస్టులకు నిన్నటి అన్నం, పెరుగు పెట్టాను. ఒకాయన ఉల్లిపాయ కూడా అడిగాడు.