అడుగు దిమ్మ తీయించే మా బావ

మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందండీ! షేర్ల మార్కెట్టును కనిపెట్టుకుని ఉండే జాతీయ సంస్థలో ఆఫీసరు! ఈ కబురు కోసం కాచుకుని కూర్చున్న మా బావ, మా అక్క భర్త, శుక్రవారం గుండె ఆగి పోయాడు. సోమవారం ఆర్డరు వచ్చింది. ఆనందం పట్టలేకపోతున్నాను, ఏడుపూ ఆపుకోలేకపోతున్నాను.

బావ అనకాపల్లి బెల్లం మార్కెట్లో వేలంపాట నడిపేవాడు. పాట మొదలెట్టే ముందు రాశి అడుగున ఉన్న బెల్లం దిమ్మను తీయించి, కొనేవాళ్ళ ఎదుటే పగలగొట్టించేవాడు. మేలు సరుకు పైన పేర్చి, నల్లబెల్లం కింద పెట్టే రైతులూ ఉంటారు మరి. నేనూ రైతునే, నా బెల్లాన్నీ వదిలేవాడు కాదు.

"బామ్మర్ది సరుకు కూడానా బావా!" అంటే, "బామ్మర్ది బెల్లానికి సీమలు పట్టవేటి?" అని అందరినీ నవ్వించేవాడు.

షావుకారు ఎవరైనా చెవి దగ్గరకు వస్తే వెనక్కి జరిగేవాడు. "గుసగుసలేటి? పైకి సెప్పు. రైతు కూడా ఇంటాడు."

అమ్మాయి పరీక్షకు చదువుతున్న రోజుల్లో, షేర్ల ధర పడిపోతే ఆ ఆఫీసువాళ్ళు నిలబెడతారు కదా అని అడిగాను. బావ పడీపడీ నవ్వాడు.

"ఏరా, బెల్లం ధర నానెప్పుడైనా పెంచేనా? కొనేవోడికి అడుగు దిమ్మ సూపించాల. మాట అందరికీ ఒక్కపాలే, ఒకేసారే తెలియాల. ఆ పైన లాభమో నష్టమో ఆడి ఇష్టం. అంతేనా అమ్మా?"

"అంతే మావయ్యా! కంపెనీ తన లోపాలు దాచకూడదు. లోపలి సంగతి ముందే తెలిసినవాళ్ళు దాంతో షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. అలా చేస్తే మేం పట్టుకుంటాం."

ఉద్యోగం రాకముందే "మేం" అంది! ఆ ఒక్క మాట పట్టుకుని బావ మార్కెట్టంతా చెప్పుకు తిరిగాడు.

ఇంకా పెద్దకర్మ కాలేదు. చావింట్లో మంచి కబురు ఎలా చెప్పను? నేను అక్కావాళ్ళ గుమ్మంలోనే నిలబడిపోయాను. అమ్మాయే మేనత్త ఒళ్ళో తలపెట్టి, ఏడుస్తూ చెప్పేసింది. అక్క దాని జుట్టు నిమిరింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది.

"అలా నిలబడ్డావేటిరా? ఫోను తియ్యి. కశింకోట పిన్నికి సెప్పు. నక్కపల్లి సిన్నాన్నకి సెప్పు. మీ ఆవిడ పుట్టింటోళ్ళకి సెప్పు. మా ఆడపడుసుకి సెప్పు, అన్న పోయిన కాడ్నుంచీ ముద్ద ముట్టలేదు. లోపల మా అత్త పడుకునుంది. కొడుకు పోయిన తల్లి. ఆవిడకి నాను సెప్తాను."