చల్లటి గదిలో తీసిన ఫోటో

నా డైరీలు నలభై ఏడు. ఈ సౌదీ దేశం వచ్చినప్పటి నుంచి ఏడాదికొకటి. ఖోబర్‌లో, అల్ అజీజియాలోని మా కొడుకు ఇంట్లో, బీరువా కింది అరలో వరసగా పెట్టుకున్నాను. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యూవల్ అయిన రోజు, గ్యాస్ సిలిండర్ మార్చిన రోజు, ఇంట్లో ఎవరికి ఎంత జ్వరం వచ్చింది, అన్నీ వాటిలో ఉంటాయి. మా నాయన బడిపంతులు. ఏం జరిగినా తారీఖు వేసుకునేవాడు. ఆ అలవాటు నాకొచ్చింది. మొదటి డైరీలో మాత్రం యాభై ఎనిమిది పేజీల మీద, పై మూలన, ఒక్కొక్క చుక్క ఉంటుంది. పక్కన ఏమీ రాసి ఉండదు. ఆ చుక్కలు ఏమిటో మొన్న మార్చి వరకు నేనెవరికీ చెప్పలేదు.

మనవరాలు కాలేజీకి వ్యాసం రాస్తోంది, చమురు డబ్బు వచ్చిన కొత్తలో ఇక్కడి ఊళ్లు ఎలా ఉండేవని. అందుకోసం కంప్యూటర్‌లో అమెరికా వాళ్ల పాత ఫోటోలు వెతుకుతోంది. అక్కడ ఇలాంటివి దాచే సంస్థలు ఉన్నాయట. పెద్దవాళ్లు పోయాక వాళ్ల ఉత్తరాలు, ఫోటోలు పిల్లలు పెట్టెలకెత్తి ఇచ్చేస్తే, వీళ్లు ప్రతి కాగితానికీ ఒక నంబరు వేసి భద్రం చేస్తారట. ప్రతిదానికీ నంబరు వేస్తారన్న మాట నాకు నచ్చింది. నేను చిక్కుళ్లు ఈనె తీస్తూ వింటున్నాను.

"జేజీ, నువ్వు ఖఫ్జీలో ఉన్నావు కదా. అప్పుడు ఇండ్లు ఇట్లనే ఉండేవా?" అని ఒక ఫోటో చూపించింది.

నల్ల గళ్లు, తెల్ల గళ్లు ఉన్న వంటగది నేల. కిటికీలో ఏసీ, దాని చువ్వలకు కట్టిన రిబ్బన్ గాలికి ఎగురుతోంది. నేల మీద గుండు చేసిన పసిబిడ్డ స్టీలు గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఫోటో అంచున ఒక చెయ్యి మోచేతి దాకా కనిపిస్తోంది. ఆకుపచ్చ గాజులు, చేతిలో తడిగుడ్డ. కింద ఇంగ్లీషులో రాసినది మనవరాలు చదివింది. పనిమనిషి, ఆమె కొడుకు, ఖఫ్జీ, పేర్లు తెలియవు.

"ఆ గ్లాసు మాదే" అన్నాను. ఆ పూట చిక్కుళ్లు కోడలే ఈనె తీసుకుంది.

చమురు బావుల ఊరు ఖఫ్జీకి నేను వచ్చేనాటికి నా ఒళ్లో మూడు నెలల ఆడబిడ్డ. మావారు పంపుల మెకానిక్. కుటుంబాన్ని తెచ్చుకోనిచ్చిన కొద్దిమందిలో ఆయన ఒకరు. మాకిచ్చిన గదికి రేకుల కప్పు, ఒక ఫ్యాను. బిడ్డకు తలంతా సెగగడ్డలు లేచాయి. జుట్టు తీయించి గుండు చేయించాం. పగలంతా ఏడ్చేది, అరగంట నిద్రపోయేది కాదు. మా వీధి చివర అమెరికా ఇంజనీరు ఇల్లు. ఆ ఇంటావిడ ఒకరోజు పిల్ల ఏడుపు విని బయటికొచ్చి, మమ్మల్ని లోపలికి పిలిచి ఏసీ ముందు కూర్చోబెట్టింది. బిడ్డ రెండు గంటలు నిద్రపోయింది. మళ్లీ ఊరికే వెళ్లి కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు. ఇల్లు తుడుస్తానని చేతులతో సైగ చేసి చెప్పాను.

శనివారం, మంగళవారం. మావారి వ్యాను ఆరుంబావుకు వెళ్లిపోయేది, ఏడింటికి నేను ఆ ఇంట్లో ఉండేదాన్ని. ఇరవై తొమ్మిది వారాలు, ఒక్క రోజు తప్పలేదు. ఆయన వీసా మీద వచ్చిన ఆడమనిషి పని చేయకూడదు. తెలిస్తే కఫీలు ముందు, అంటే పని ఇచ్చిన స్పాన్సరు ముందు, ఆయన ఏం సమాధానం చెప్పాలి? స్పాన్సరు మాట అంటే ఆయనకు ఆఫీసు నోటీసు కన్నా ఎక్కువ. పైగా ఒకరింట్లో నేల తుడుస్తానంటే ఊరుకునే మనిషి కాదు. అమెరికా మేడమ్‌కు కుట్టుపని నేర్పిస్తున్నానని చెప్పాను. డైరీలో అబద్ధం రాయడానికి చెయ్యి రాక, చుక్క పెట్టుకున్నాను.

ఫోటో తీసిందీ ఆవిడే. కడిగించాక ఒకటి ఇస్తానంది. ఇంతలో బిడ్డకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. పదకొండు నెలల తొమ్మిది రోజులు బతికింది. మావారు, ఇంకో నలుగురు ఖననానికి తీసుకెళ్లారు. ఆడవాళ్లం వెళ్లం. ఇక్కడ సమాధి మీద పేరు రాయరు, ఒక రాయి నిలబెడతారు, అంతే. తూర్పు గోడ నుంచి ఆరో వరస, తొమ్మిదోది అని ఆయన చెబితే రాసుకున్నాను. రెండేళ్లకు ఆ గోడ తీసి వెనక్కి కట్టారు. నా లెక్క దేనికీ పనికిరాకుండా పోయింది.

మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. ఆ ఏడాదిలోనే వాళ్లు అమెరికా వెళ్లిపోయారు. ఫోటో అడగాలంటే ఎక్కడ తీసిందో మావారికి చెప్పాలి. చెబితే, ఎండలోంచి చల్లటి గదిలోకి, చల్లటి గదిలోంచి ఎండలోకి పసిబిడ్డను తిప్పావా అంటాడు. ఆయన అనకముందే నేను రోజూ అనుకుంటున్నాను.

ఆయన పోయి ఆరేళ్లయింది. తర్వాత పుట్టిన కొడుకు అమెరికా మేడమ్‌కు కుట్టు నేర్పిన అమ్మ గురించి చిన్నప్పటి నుంచి స్నేహితులకు చెప్పుకుంటూ పెరిగాడు. వాడి కంపెనీ కాంట్రాక్టు ఈ ఏడాదితో అయిపోతుంది. మాకందరికీ ఫైనల్ ఎగ్జిట్, మళ్లీ రాకుండా సొంతూరికి. ఇక ఖఫ్జీ మట్టికి కూడా దగ్గరగా ఉండను.

ఫోటో గురించి తెలిసినవాళ్లు రాసి పంపడానికి ఆ కంప్యూటర్ పేజీ కింద ఖాళీలు ఉన్నాయి. శుక్రవారం భోజనాల దగ్గర మనవరాలు దాన్ని తెరిచింది.

"ఇంత చిన్న దాంట్లో రెండు తప్పులు రాసినారు జేజీ. కొడుకు కాదు, కూతురు. పనిమనిషి కాదు, టైలరమ్మ. వాళ్లకు మనమంటే అందరూ పనోళ్లే."

"ఒకటే తప్పు, అమ్మీ" అన్నాను.

కొడుకు తల ఎత్తాడు. కోడలు వడ్డిస్తున్న గిన్నె కింద పెట్టింది. చుక్కల సంగతి అప్పుడు చెప్పాను. వాడు కలిపిన అన్నాన్నే మళ్లీ కలిపాడు.

"నాయనకు తెలుసునా?"

"తెలీదు."

"ఇప్పుడెందుకుమా ఇదంతా. టైలర్ అనే రాయించు. ఎవరు చూస్తారు యాడనో అమెరికాలో?"

"చూసేవాళ్లు ఉంటారనే కదరా వాళ్లు దాచింది."

కోడలు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. "అత్తా, అట్లాంటి జ్వరం చల్లగాలికి రాదు" అంది మెల్లగా. అయి ఉండొచ్చు. ఇన్నేళ్లలో నేనెవరినైనా అడిగితే కదా ఎవరైనా చెప్పడానికి. అడగకుండా మోసిన బరువు, ఒక మాట చెప్పగానే దిగిపోదు. నాకు నిద్ర వచ్చినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం మనవరాలు కంప్యూటర్‌లో అదే పెట్టె కాగితాల్లో ఒక ఉత్తరం పట్టుకుంది. ఆ అమెరికా ఆవిడ తన అక్కకు రాసుకున్నది. రెండు పేజీలు వేడి గురించి, కూరగాయల గురించి. చివర నాలుగు వరసలు మా గురించి. పిల్ల తెలుగులో చెప్పింది.

"వారానికి రెండుసార్లు వచ్చే ఆమె మూడు వారాలుగా రావడం లేదు. పాపాయి చనిపోయిందని డ్రైవర్ చెప్పాడు. ఫోటో నా దగ్గరే ఉంది. ఎట్ల ఇయ్యాలో తెలీదు. ఆమె ఇల్లు యాడుందో నేనెప్పుడూ అడగలేదు."

మా ఇల్లు ఆ వీధిలోనే, పదకొండో గుమ్మం. నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఖాళీలు నింపాం. నేను చెబుతుంటే పిల్ల రాసింది. పనిమనిషి అన్న మాట అలాగే ఉంచమన్నాను. కొడుకు అన్నచోట కూతురు. బిడ్డ పేరు ఒక్కొక్క అక్షరం చెప్పాను. బయటికి పలికి ఎన్నాళ్లయిందో. రాస్తున్నవారు బిడ్డకు ఏమవుతారు అని అడిగారు. తల్లి. కొడుకు వెనక నిలబడి చూస్తున్నాడు.

పందొమ్మిదో రోజు జవాబు వచ్చింది. అసలు ఫోటో ఇవ్వరు, పెట్టె ఇచ్చినవాళ్ల షరతు అది. నకలు పంపారు, కింద రాసింది దిద్ది బిడ్డ పేరు చేర్చారు. నా దగ్గర పెట్టుకుంటే నేనైనా ఎన్నాళ్లు దాస్తాను. అక్కడ నంబరుతో ఉంటుంది, గోడ జరిపినా పోదు.

కొడుకు ఆ నకలు పోస్టుకార్డు సైజులో ప్రింటు తీయించుకొచ్చి నా చేతిలో పెట్టాడు. వెనక తారీఖు వేద్దామని మొదటి డైరీ తీశాను. గ్లాసు పట్టుకుని దానంతటదే కూర్చోవడం ఆఖరి నెలలోనే. అంటే చివరి ఎనిమిది చుక్కల్లో ఒకటి. ఎనిమిది పేజీలూ తిప్పాను, మళ్లీ తిప్పాను. ఏ రోజో గుర్తు రాలేదు. పెన్ను మూత పెట్టి, ఫోటోను ఆ పేజీల మధ్యనే ఉంచాను.